తుమ్మెద నోటికి నలభై రెండు కళ్ళేలు

ఒకానొక రాజ్యంలో ఒక రాజుగారికి గుర్రపు స్వారీ వచ్చేది కాదు. రాకపోవడంలో తప్పేం లేదు. లోకంలో చాలామందికి రాదు, నాకూ రాదు. కానీ ఆయన వచ్చనుకునేవారు. ఇదిగో, తంటా అంతా అక్కడే మొదలైంది.

ఆ రాజ్యం పేరు కుందవోలు. రాజుగారి పేరు భుజబలదేవ మహారాజు. పేరుకు తగ్గట్టే చేతులు రోకలిబండల్లా ఉండేవి. గుర్రం ఎక్కగానే పగ్గాలు రెండూ పిడికిట్లో బిగించి ఛాతీదాకా లాగి పట్టుకునేవారు. అలా లాగి పట్టుకునే, నడవమని మడమలతో డొక్కలో పొడిచేవారు. పాపం ఆ మూగజీవి ఏం చెయ్యాలి, వెళ్ళాలా, ఆగాలా? ఏదీ పాలుపోక ముందుకాళ్ళు పైకెత్తేది. రాజుగారు వెల్లకిలా కిందపడేవారు.

పడేవారని నేనంటున్నాను గానీ, కుందవోలులో ఆ మాట అనకూడదు. రాజు పడడమేమిటి, అపచారం కాదూ! ఆయన దుమ్ములో దొర్లుతుండగానే వెంట ఉండి బిరుదులు చదివే భట్టుగాడు "మహారాజులుంగారు అశ్వం దిగినారహో!" అని కేక పెట్టాలి. జనమంతా జేజేలు కొట్టాలి. తాతల నాటి ఆచారమట. ఏం ఆచారమో, నా మొహం! ఇరవై ఏళ్ళుగా దిగడమే తప్ప ఒక్కసారీ పడని మనిషికి తనలో లోపం ఉందని ఎలా తెలుస్తుంది చెప్పండి?

అయితే నడుం నొప్పి మాత్రం నిజం. దానికొక కారణం కావాలి. రాజుగారు బాగా ఆలోచించి కనిపెట్టారు.

"కళ్ళెం మంచిది కాదు," అన్నారు.

కళ్ళెం అంటే తెలుసుగా, గుర్రం నోట్లో, పళ్ళు లేని సందులో అడ్డంగా కూర్చునే కడ్డీ. దాని రెండు కొసలకీ పగ్గాలు కడతారు. రౌతు వేలు కదిపితే చాలు, గుర్రం నాలుకకి సంగతి తెలిసిపోతుంది. మరి వేలు కదపాల్సిన చోట ఒళ్ళు బరువంతా వేసి లాగితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఇనుప కళ్ళెం తీసేసి ఇత్తడిది పెట్టించారు. రాజుగారు దిగారు. రాగి పెడితే గుర్రం నోట్లో నీళ్ళూరి దవడ మెత్తబడుతుందని ఎవరో చెప్పారు. నీళ్ళయితే ఊరాయి, రాజుగారు మాత్రం మళ్ళీ దిగారు. బంగారంతో చేయిస్తే గుర్రం రెండు రోజుల్లో దాన్ని నమిలి వంకరటింకర చేసింది. ఇక దేశదేశాల వర్తకులకు కబుర్లు వెళ్ళాయి. దవడ కింద వలయం పట్టేసే అరబ్బు కళ్ళెం వచ్చింది. చెంపలకి జానెడేసి కడ్డీలు వేలాడే తురుష్కుల కళ్ళెం వచ్చింది. నడిమధ్య కీలు పెట్టి రెండు ముక్కలుగా చేసిన పరంగివాళ్ళది వచ్చింది. పరిగెత్తే గుర్రాన్ని ఉన్నచోటనే గిర్రున తిప్పే దండు రౌతులది, ముళ్ళున్నది, అదీ వచ్చింది. ఎవరి స్వారీకి తగ్గట్టు వాళ్ళు చేసుకున్నవి అవన్నీ. ఎడారిలో పరుగు వేరు, దండులో తిరుగుడు వేరు. కుందవోలు రాజవీధిలో అడుగులో అడుగు వేస్తూ ఊరేగడానికి అవన్నీ దేనికండీ? అడిగేవాడు లేడు.

అడిగినవాడు ఒకడున్నాడు లెండి. సేనాధిపతి. "ప్రభూ, చేతులు కాస్త వదులు చేస్తే..." అని మొదలుపెట్టాడో లేదో, మర్నాడే ఆయన్ని ఉప్పు కొఠార్లకు కాపలా పంపేశారు. అంతటితో సభలో అందరూ నోళ్ళు కుట్టేసుకున్నారు.

ఈ సంబరం చాలదన్నట్టు శరభేశ్వరశాస్త్రి అనే ఆయన దిగబడ్డాడు. అశ్వశాస్త్రంలో దిట్టనని ఆయనే చెప్పుకున్నాడు. గుర్రాన్ని ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశాడో లేదో నాకు అనుమానమే. రోజూ కొలువులో బుట్టెడు కళ్ళేలు ముందర పోసుకుని, ఏ లోహం గొప్పది, ఏ దేశపు తీరు గొప్పది అని ఉపన్యాసం. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు, నలభై రోజులు! చెరువు గండి సంగతి విన్నవిద్దామని వచ్చిన రైతులు మండపం మెట్ల మీదే వంట చేసుకుని తిని, విసుగెత్తి, ఆ గండి వాళ్ళే పూడ్చుకుందామని వెళ్ళిపోయారు. మంత్రిగారు కూర్చునే నిద్రపోవడం నేర్చుకున్నారు.

నలభయ్యో రోజుకి బుట్టలో నలభై రెండు కళ్ళేలయ్యాయి. రాజుగారు ఒక్కొక్కటే పెట్టి చూసి, నలభై రెండుసార్లూ దిగారు. అప్పుడు శాస్త్రిగారు తేల్చి చెప్పారు.

"ప్రభూ, కళ్ళేలన్నీ శాస్త్రోక్తమైనవే. ఏలినవారి స్వారీ అంతకన్నా శాస్త్రోక్తం. కాబట్టి దోషం గుర్రంలో ఉంది, దాన్ని తయారు చేసిన సాహిణిలో ఉంది."

సాహిణి అంటే గుర్రాలని మచ్చిక చేసి నడకలు నేర్పేవాడు. ఆ పని చేసే మైలారయ్య మూడు తరాలుగా ఆ లాయాన్నే నమ్ముకున్న ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. రాజుగారెక్కే నల్లటి ఆడగుర్రం తుమ్మెదకి పురుడు పోసింది కూడా అతనే. చలికాలంలో కళ్ళెం చల్లగా తగుల్తుందని అరచేతుల్లో పెట్టుకుని వెచ్చబరిచి మరీ దాని నోటికి అందించేవాడు.

రాజుగారు ఇవేమీ ఆలోచించలేదు. వెంటనే ఆజ్ఞ ఇచ్చేశారు.

"ఇంక నాలుగు రోజుల్లో విజయదశమి. జమ్మిపూజకి తుమ్మెద మీదే వెళ్తాం. శాస్త్రిగారు చెప్పిన రెండు వరసల ముళ్ళ కళ్ళెం పెట్టండి. అప్పుడు కూడా అది మొండికేస్తే దాన్ని సున్నం రుబ్బే గానుగకు కట్టండి. మైలారయ్య పెళ్ళాం పిల్లల్తో పొలిమేర దాటాలి."

ఆ మధ్యాహ్నమే మైలారయ్య ఓబన్న ఇంటికి వచ్చాడు. ఓబన్న అడపంవాడు. అంటే రాజుగారికి వేళకి తాంబూలం చుట్టి అందించే ఉద్యోగం. చిన్న పనే, కానీ మంత్రిగారి కన్నా రాజుగారి చెవికి దగ్గరగా నిలబడేది అతనే. కాస్త నోటి చురుకు కూడా ఉన్నవాడు.

"ఓబన్నా, నువ్వైనా ఒక్క మాట చెప్పవయ్యా," అన్నాడు మైలారయ్య. "నా సంగతి వదిలెయ్. ఎక్కడైనా కూలి చేసుకు బతుకుతాను. తుమ్మెదని సున్నపు గానుగకు కడితే ఏడాది బతకదు. ఇప్పటికే నోటికి రెండు పక్కలా పుళ్ళు. ఇక ఆ ముళ్ళది పెడితే నాలుకే తెగుతుంది."

"ఏమని చెప్పమంటావ్?"

"నీకు తెలీదా? తప్పు కళ్ళెంలో లేదు. ఆ చేతు..."

"ష్! మెల్లగా!" అని ఓబన్న తలుపువైపు చూశాడు. తర్వాత అతనికే ఒళ్ళు మండింది. చేతిలో ఉన్న తమలపాకుని టపీమని పళ్ళెంలో కొట్టాడు. "ఊరందరికీ తెలుసు, భట్టుగాడికి తెలుసు, గుర్రానికి తెలుసు! తెలియాల్సిన మనిషికి తప్ప అందరికీ తెలుసు! నలభై రోజులు, మైలారయ్యా! నలభై రోజులు ఆ శాస్త్రి పక్కన నిలబడి కళ్ళేల గొప్పలు విన్నాను. ఇక నావల్ల కాదు."

"మరేం చేద్దాం?"

"రేపు నువ్వు కొలువుకి రా. తుమ్మెదకి రోజూ పెట్టే పాత ఇనుప కళ్ళెం పట్టుకురా. బాగా తోమి తీసుకురా," అన్నాడు ఓబన్న.

మర్నాడు కొలువు తీరగానే శాస్త్రిగారు లేచారు. ముళ్ళ కళ్ళెం చేత్తో ఎత్తి పట్టుకున్నారు. "లోహం గుణం తెలిసేది కంటితో కాదు ప్రభూ, నాలుకతో! అశ్వం రుచి చూసి లోబడుతుంది. నాబోటివాడు కళ్ళు మూసుకుని నాలుకతో చెప్పగలడు, ఇది రాగి, ఇది కంచు అని!"

ఓబన్న తాంబూలం పళ్ళెం పక్కన పెట్టి చేతులు జోడించాడు.

"ప్రభూ, తమరు చిత్తగించాలి. ఇన్నాళ్ళూ కళ్ళేలు పరీక్ష చేశాం గానీ, నొప్పి ఎక్కడో, హాయి ఎక్కడో చెప్పడానికి తుమ్మెదకి నోరు లేదు. దేవుడి దయవల్ల నోరూ, నాలుకా, శాస్త్రమూ మూడూ ఉన్నవారు మన సభలోనే ఉన్నారు. శాస్త్రిగారు కళ్ళకి గంతలు కట్టుకుని ఒక్కొక్క కళ్ళెమూ పంటికింద పెట్టుకుంటే, ఇవతల నుంచి పగ్గాలు లాగి చూద్దాం. ఏది మేలో ఒక్క ఘడియలో తేలిపోతుంది."

శాస్త్రిగారి ముఖం మాడిపోయింది. కానీ ఏం చేస్తాడు, ఇప్పుడే కదా గొప్పలు పోయింది! రాజుగారికి మాత్రం ఈ ఆలోచన మహా నచ్చింది.

"భేష్! కానివ్వండి శాస్త్రిగారూ!"

"శాస్త్రిగారంతటివారు కళ్ళెం కరుచుకుని ఏలినవారి ఎదుట కూర్చోవడం బాగుండదు," అని సభ నడిమధ్య ఒక తెర కట్టించాడు ఓబన్న. అవతల శాస్త్రిగారు, సభ. ఇవతల రాజుగారు. ఆపైన వంగి రాజుగారి చెవిలో అన్నాడు. "పగ్గాలు తమరే పట్టాలి ప్రభూ. ఎవడో రౌతు లాగితే ఎవడో రౌతుకి సరిపడే కళ్ళెం తేలుతుంది. తమ స్వారీకి తగింది తేలాలంటే తమ హస్తమే ఉండాలి. శాస్త్రిగారికి చెప్పకండి. తెలిస్తే భక్తికొద్దీ నొప్పి ఓర్చుకుంటారు."

రాజుగారు మీసం దువ్వుకుని పగ్గాలు అందుకున్నారు. లాయం మనిషెవడో లాగుతాడని శాస్త్రిగారు అనుకున్నారు. ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి గంతలు కట్టారు, నోట్లో కళ్ళెం పెట్టారు. రాజుగారు అలవాటు ప్రకారం ఒక్క లాగు లాగారు.

"అమ్మోయ్!"

శాస్త్రిగారు పీటతో సహా అరగజం ముందుకొచ్చారు. కళ్ళెం ఊసి, దవడ సర్దుకుని, "ఇది రాగి. కొంచెం కటువు," అన్నారు మర్యాదగానే.

ఓబన్న ఆ కళ్ళేన్నే చెంబులో ముంచి తుడిచాడు. బుట్టలో మిగతావాటిని గలగలలాడించాడు. మళ్ళీ దాన్నే శాస్త్రిగారి నోటికి అందించాడు. సభంతా చూస్తూనే ఉంది. రాజు నవ్వక ముందు సభలో ఎవరూ నవ్వకూడదు కదా, మంత్రిగారు ఉత్తరీయం కొస నోట్లో కుక్కుకున్నారు.

రెండో లాగు. "అబ్బా! ఇత్తడి! ఎవడ్రా వాడు, కాస్త చూసి లాగమనండి!"

మూడో లాగు. "ఇనుము!" అన్నారు. పాపం, అదొక్కటి మాత్రం నిజం. "ఓరి మొద్దూ! గుర్రాన్ని నడుపుతున్నావా, బావిలో చేద లాగుతున్నావా?"

తెర ఇవతల రాజుగారి కనుబొమలు పైకి లేచాయి. అయినా పరీక్ష కదా అని నాలుగోసారి ఇంకాస్త గట్టిగా లాగారు. శాస్త్రిగారు పీట మీంచి బోర్లా పడ్డారు.

"చంపేశాడ్రోయ్! ఇది ముళ్ళది, ముళ్ళ కళ్ళెం! నాకు తెలుసు!" అని గుండెలు బాదుకున్నారు. అదీ ఆ పాత నున్నటి కళ్ళెమే.

అప్పుడు ఓబన్న ఆయన్ని లేపి పీట మీద కూర్చోబెట్టి, మళ్ళీ అదే కళ్ళెం నోటికి అందించి, తాపీగా తెర ఇవతలకి వచ్చాడు. "ప్రభువులకు తాంబూలం వేళయింది." ఒక చేతిలో ఆకులూ, ఇంకో చేతిలో వక్కలూ పెట్టాడు. రాజుగారు రెండు చేతులూ నిండి పగ్గాలు వదిలేశారు. ఓబన్న సైగ చేస్తే మైలారయ్య వచ్చి వాటిని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, ఊరికే కదిపాడు.

శాస్త్రిగారు ఒళ్ళు బిగబట్టుకుని ఉన్నారు. నొప్పి రాలేదు. పగ్గం కుడివైపు కదిలింది, ఆయన తల దానంతటదే కుడివైపు తిరిగింది. ఎడమవైపు కదిలింది, ఎడమకి తిరిగింది.

"ఆహా!" అన్నారు కళ్ళెం తీసి. "ఇదీ కళ్ళెమంటే! మేలిమి బంగారం! నోట్లో వెన్నముద్ద పెట్టినట్టుంది. ప్రభువులకి ఇదే చెప్పండి."

"మరి ఇందాకటి నాలుగింటి సంగతేమిటి శాస్త్రిగారూ?" అని అడిగాడు ఓబన్న.

"నాలుగింటి సంగతి కాదయ్యా, నాలుగూ లాగినవాడి సంగతి చూడాలి! వాణ్ణి జన్మలో గుర్రం దరిదాపులకి రానివ్వకూడదు. ఆ తుమ్మెద ఎంత నరకం పడిందో నాకు ఇవాళ తెలిసింది. తుమ్మెదని కాదు, వాణ్ణి కట్టండి సున్నపు గానుగకి!"

తెర పక్కకి జరిగింది. రాజుగారు స్వయంగా వచ్చి శాస్త్రిగారి గంతలు విప్పారు. శాస్త్రిగారు కళ్ళు చికిలించి చూశారు. ఎదురుగా రాజుగారు, ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"ఓబన్నా, బుట్టలోంచి ఏయే కళ్ళేలు పెట్టావ్?" అన్నారు రాజుగారు. గొంతు ఉరిమినట్టుంది.

"ఒకటే పెట్టాను ప్రభూ. తుమ్మెదకి మైలారయ్య రోజూ పెట్టే పాత ఇనుప కళ్ళెం."

"ఐదుసార్లూ?"

"ఐదుసార్లూ."

"మరి ఐదోసారి ఏం మారింది?"

"తాంబూలం వేసుకుంటున్నారు గదా, ప్రభువుల చేతులు ఖాళీ లేవు," అన్నాడు ఓబన్న తల వంచుకుని. "మారింది అదొక్కటే."

ఓబన్న మెడ మీద తల ఉంటుందా ఊడుతుందా అన్నట్టు ఊపిరి బిగబట్టారు అందరూ. రాజుగారు మాత్రం శాస్త్రిగారి గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకి తిప్పారు. పెదవుల మూలల రెండు వైపులా తోలు లేచిపోయి నెత్తురు చిమ్ముతోంది. నాలుగు లాగులకే.

"తుమ్మెదకీ ఇలాగే ఉందా మైలారయ్యా?"

"ఇంతకన్నా ఎక్కువే ప్రభూ. రోజూ పసుపూ నెయ్యీ కలిపి రాస్తున్నాను. మానేలోగా మళ్ళీ చీలుతోంది."

రాజుగారు తన అరచేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. "ఇన్నేళ్ళలో నాకెవరూ చెప్పలేదేం?" అని అడిగారు చివరికి.

"సేనాధిపతిగారు మొదలుపెట్టారు ప్రభూ," అన్నాడు ఓబన్న. "మిగతా సగం ఉప్పు కొఠార్లలో చెబుతున్నారు."

ఆ మాటకి రాజుగారి పెదవి అదిరింది. కోపమో ఏమో తెలియక శాస్త్రిగారు హడలిపోయారు. గబగబా లేచి చేతులు జోడించారు.

"ప్రభూ! ప్రభూ! ఇప్పుడు నెమ్మదిగా తలుచుకుంటే ఆ మొదటి నాలుగు లాగులు కూడా అమృతం తాగినట్టే ఉన్నాయి!"

అంతే. రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వి నవ్వి మెట్టు మీద కూలబడ్డారు. నలభై రోజులుగా ఆపుకున్న సభంతా ఒక్కసారి గొల్లుమంది. మంత్రిగారు ఉత్తరీయం నోట్లోంచి తీసుకోవడం కూడా మరిచిపోయారు.

"శాస్త్రిగారూ, ఇందాక గంతలతో చెప్పినదే నిజం. అదే ఉంచండి," అన్నారు రాజుగారు కళ్ళు తుడుచుకుంటూ. సున్నపు గానుగ ఆజ్ఞ అక్కడికక్కడే రద్దయింది. ఉప్పు కొఠార్లకి అప్పుడే గుర్రపు రౌతు బయల్దేరాడు. ఆ తర్వాత రాజుగారు మైలారయ్య ముందు రెండు చేతులూ చాపారు. "నేర్పు," అన్నారు.

మైలారయ్య మూడు రోజులు నేర్పాడు. కొత్త రౌతులకి తాతల నాటి నుంచి ఆ లాయంలో ఒక పద్ధతి ఉంది. పగ్గాన్ని కళ్ళేనికి తోలుతో కట్టరు, ఒంటి నూలుపోగుతో కడతారు. చెయ్యి బిగిస్తే పోగు పుటుక్కున తెగుతుంది. మొదటి రోజు రాజుగారు నూట ముప్పై పోగులు తెంపారు. రెండో రోజు నలభై. మూడో రోజు తొమ్మిది. ఒక్కోటి తెగినప్పుడల్లా తిట్టుకున్నారు, పగ్గాలు విసిరికొట్టారు, మళ్ళీ ఎక్కారు. ఈ బుద్ధేదో మొదటే ఉంటే ఎంత బాగుండేది!

దశమినాడు తోలుపట్టీతోనే కట్టమన్నారు మంత్రిగారు. రాజుగారు ఒప్పుకోలేదు. "పోగే కట్టు మైలారయ్యా."

"జనంలో తెగితే, ప్రభూ?"

"తెగితే నేను పడతాను. తుమ్మెద నోరు మాత్రం చిరగదు."

కోటగుమ్మం నుంచి ఊరేగింపు కదిలింది. రాజవీధి దాటేదాకా బాగానే సాగింది. మలుపు తిరగ్గానే డప్పులవాళ్ళు ఒక్కసారి మోత మొదలెట్టారు. తుమ్మెద బెదిరి చెవులు రిక్కించింది. రాజుగారి పిడికిళ్ళు వాటంతటవే బిగుసుకున్నాయి. పోగు బిర్రుగా సాగింది. పక్కన నడుస్తున్న మైలారయ్య కళ్ళు మూసుకున్నాడు. కానీ తెగిన చప్పుడు రాలేదు. కళ్ళు తెరిచి చూస్తే రాజుగారి వేళ్ళు వదులుగా ఉన్నాయి. ఆయన పళ్ళ బిగువున చేతుల్ని ఆపుకుని, తుమ్మెద మెడ నిమురుతున్నారు. అది తల దించుకుని మెల్లగా అడుగు వేసింది.

జమ్మిచెట్టు దగ్గర రాజుగారు నిజంగా, తమ కాళ్ళ మీద తామే గుర్రం దిగారు. పగ్గం చివర ఉన్న నూలుపోగుని జనానికి ఎత్తి చూపించి పెద్దగా నవ్వారు. తర్వాత ముంజేతుల నిండా ఉన్న బంగారు కడియాలు ఒక్కొక్కటే లాగడం మొదలుపెట్టారు. కుడిచేతివి మైలారయ్యకి, ఎడమచేతివి ఓబన్నకి ఇచ్చారు.

"ఇంత బరువు పెట్టుకుని ఇన్నాళ్ళు ఎలా స్వారీ చేశానో!" అన్నారు, ఖాళీ చేతులు గాలిలో ఆడించుకుంటూ.

ఓబన్న తన వాటా కడియాలు చేతికి తొడుక్కుని, మోయలేనట్టు చెయ్యి వేలాడేశాడు.

"బరువు సంగతి చెప్పకండి ప్రభూ," అన్నాడు, "రేపటినుంచి తాంబూలంలో సున్నం ఎక్కువైతే నన్నేమీ అనకూడదు."